పద్నాలుగేళ్లు పాడి పక్కకు తప్పుకున్న బిల్ విదర్స్

1971లో వచ్చిన 'జస్ట్ యాజ్ ఐ యామ్' అనే ఆల్బమ్ అట్ట మీద గాయకుడి బొమ్మ ఉంటుంది. స్టేజీ లేదు, మైకు లేదు, తళుకుల కోటు అసలే లేదు. మామూలు బట్టల్లో ఫ్యాక్టరీ దగ్గర నిలబడి ఉన్న ఒక నల్లజాతి మనిషి, చేతిలో భోజనం డబ్బా. ఆ ఫొటో లాస్ ఏంజిలిస్ పక్కనున్న బర్బ్యాంక్‌లో, వెబర్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ దగ్గర మధ్యాహ్నం భోజన విరామంలో తీసింది. ఆ కంపెనీలో అతని పని బోయింగ్ 747 విమానాలకు టాయిలెట్ సీట్లు బిగించడం. ఫొటో తీసేనాటికి ఆల్బమ్ సిద్ధమవుతోంది, అతను మాత్రం ఉద్యోగం మానలేదు. పాటల వ్యాపారం ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం, నెల జీతం మాత్రం నెల జీతమే అన్నది అతని లెక్క.

ఆ మనిషి బిల్ విదర్స్. అప్పటికి వయసు ముప్పై రెండు. సోల్ అనే అమెరికా నల్లజాతి సంగీతంలో అది చాలా ఆలస్యంగా మొదలుపెట్టడమే. స్టీవీ వండర్ పదకొండేళ్లకే మోటౌన్ కంపెనీలో చేరాడు, పదమూడేళ్లకు అమెరికాలో నంబర్ వన్ పాట ఇచ్చాడు. అరీతా ఫ్రాంక్లిన్ చిన్నతనం నుంచే తండ్రి చర్చిలో పాడుతూ పెరిగింది. వాళ్లకు ఊహ తెలిసేసరికే సంగీతమే బతుకు. విదర్స్‌కు బతుకు ముందొచ్చింది, పాట తర్వాత. అతని పాటలు ఇన్నేళ్లు నిలవడానికీ, అతను మధ్యలోనే ఆపేయడానికీ కారణం ఈ వరసలోనే దొరుకుతుంది. పాట లేకపోయినా బతకగలనని తెలిసినవాడు రాసే పాట వేరుగా ఉంటుంది. అతనితో బేరం చేయడమూ కష్టమే.

విదర్స్ 1938 జులై 4న వెస్ట్ వర్జీనియాలోని స్లాబ్ ఫోర్క్ అనే చిన్న బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. దగ్గర్లోని బెక్లీలో పెరిగాడు. పదమూడేళ్ల వయసులో తండ్రి పోయాడు. తల్లీ అమ్మమ్మా పెంచారు. పిల్లవాడికి నత్తి. నలుగురిలో నోరు విప్పాలంటే భయం. నూనూగు మీసాల వయసులో నౌకాదళంలో చేరి తొమ్మిదేళ్లు పనిచేశాడు, విమానాల మెకానిక్ పని అక్కడే నేర్చుకున్నాడు. 1965లో బయటికొచ్చాక కాలిఫోర్నియాలో ఇంటింటికీ పాలు వేశాడు, తర్వాత ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫ్యాక్టరీకి మారాడు. ముప్పైకి దగ్గరపడే దాకా నత్తి వదల్లేదని తనే చెప్పుకున్నాడు.

ఈ నత్తికీ అతని పాటల తీరుకూ సంబంధం ఉందనిపిస్తుంది. అతని పాటల్లో మాటలు తక్కువ, చిన్నవి, రోజూ నోట్లో నలిగేవి. మాట బయటికి రావడమే కష్టమైన మనిషి అనవసరమైన మాట వాడడు. ఇది రుజువు చేయగలిగే సంగతి కాదు గానీ, ఆ పాటలు వరసగా విన్నవాళ్లకు ఈ ఆలోచన రాకుండా ఉండదు.

సంగీతంలోకి ఎలా వచ్చాడన్నది కూడా జీతం లెక్కతోనే మొదలవుతుంది. ఓక్లాండ్‌లో ఒక క్లబ్బులో గాయకుడు లూ రాల్స్ కచేరీకి వెళ్లాడు. రాల్స్ ఆలస్యం చేశాడు. వారానికి రెండు వేల డాలర్లు ఇస్తున్నా టైముకు రాడేమని క్లబ్బు మేనేజరు విసుక్కోవడం విదర్స్ చెవిన పడింది. అప్పుడు అతనికొచ్చేది గంటకు మూడు డాలర్లు. తాకట్టు దుకాణంలో చవగ్గా ఒక గిటారు కొని, సొంతంగా వాయించడం నేర్చుకుని, పాటలు కట్టడం మొదలుపెట్టాడు. ఇదంతా ముప్పైకి అటూ ఇటూ. తర్వాత ఫ్యాక్టరీ జీతంలో మిగిల్చిన డబ్బుతో డెమో రికార్డింగులు చేయించుకుని కంపెనీల చుట్టూ తిరిగాడు.

ఆ డెమోలు నచ్చింది క్లారెన్స్ అవాంట్‌కు. నల్లజాతి వ్యాపారవేత్త, సస్సెక్స్ రికార్డ్స్ అధిపతి. (డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగెజ్ ఆల్బమ్‌లను అమెరికాలో వేసిందీ ఈ చిన్న కంపెనీయే. అవి స్వదేశంలో అమ్ముడుపోలేదు, దక్షిణాఫ్రికాలో మాత్రం ఇంటింటా మోగాయి.) విదర్స్ ఆల్బమ్‌ను నిర్మించే బాధ్యతను అవాంట్ బుకర్ టీ జోన్స్‌కు అప్పగించాడు. మెంఫిస్ నగరపు స్టాక్స్ స్టూడియోలో సోల్ సంగీతానికి ఒక రూపం తెచ్చిన వాద్యబృందానికి ఆయన నాయకుడు. ఆ బృందం నుంచే బేస్ గిటారుకు డొనాల్డ్ డన్, డ్రమ్స్‌కు ఆల్ జాక్సన్ వచ్చారు. గిటారు వాయించడానికి స్టీఫెన్ స్టిల్స్ వచ్చాడు. వచ్చినవాళ్లందరూ అప్పటికే పేరుమోసినవాళ్లు. స్టూడియోకి వచ్చిన విదర్స్, ఈ పాటలు పాడేది ఎవరని జోన్స్‌ని అడిగాడట. నువ్వే అన్నాడు జోన్స్.

ఆ ఆల్బమ్‌లోని 'ఎయింట్ నో సన్‌షైన్' రెండు నిమిషాల పైచిలుకు పాట, అంతే. ఆమె ఇంట్లో లేకపోతే వెలుగు లేదు, ఈసారి ఎంతకాలానికి వస్తుందో తెలియదు. కథ మొత్తం ఇదే. 1962 నాటి 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్' సినిమాలో తాగుడుకు బానిసైన జంటను చూశాక ఈ ఆలోచన వచ్చిందని విదర్స్ చెప్పాడు. అది తెలిశాక పాట ఇంకోలా వినిపిస్తుంది. వెళ్లిపోయిన మనిషి మంచిదా, ఈ ఎదురుచూపు మంచిదా అన్న అనుమానం కూడా అందులో ఉందని తెలుస్తుంది.

పాట మధ్యలో ఒక చోట వాద్యాలు దాదాపు ఆగిపోతాయి. కింద డ్రమ్స్ మాత్రం సన్నగా నడుస్తుంటాయి. దాని మీద విదర్స్ 'నాకు తెలుసు' అనే మాటను ఇరవై ఆరుసార్లు అంటాడు. అక్కడ మరో చరణం రాయాలని అతని ఉద్దేశం, ఖాళీని పూరించడానికి ఆ మాట పాడి వదిలాడు. అలాగే ఉంచెయ్యమని స్టూడియోలో ఉన్న పెద్దలు చెప్పారు. తను ఫ్యాక్టరీ పనివాడు, వాళ్లు ఆ పనిలో ఆరితేరినవాళ్లు, అందుకే విన్నానని తర్వాత చెప్పాడు. ఆ ఇరవై ఆరు మాటల్లో ఊపిరి తీసుకోవడానికి చోటు కనపడదు. మొదట మామూలుగా మొదలై, పోనుపోను తాళానికి అటూ ఇటూ జరుగుతూ, తనకు తాను నచ్చజెప్పుకుంటున్న మనిషి గొంతులా మారుతుంది. తెలుసు తెలుసు అంటున్నాడంటేనే తెలిసినదాన్ని పాటించలేకపోతున్నాడని అర్థం. చరణం రాసి ఉంటే ఇంత పనిచేసేది కాదు.

కంపెనీ ఈ పాటను సింగిల్ రికార్డుకు రెండో వైపు వేసింది. మొదటి వైపున 'హార్లెమ్' ఉంది. రేడియో వాళ్లు రికార్డు తిరగేసి రెండో వైపు వేశారు. పాట బిల్‌బోర్డ్ అనే అమెరికా హిట్ పాటల జాబితాలో మూడో స్థానానికి చేరింది, గ్రామీ తెచ్చింది. పాట గోల్డ్ రికార్డు అయినప్పుడు కంపెనీ అతనికి బంగారు రంగు టాయిలెట్ సీటు బహూకరించింది.

సోల్ అంటే అప్పటికి జనానికి తెలిసినది వేరు. చర్చిలో పుట్టిన గొంతు, దేవుడి మీది ఆవేశాన్ని ప్రేమ మీదికి మళ్లించి పతాకస్థాయికి తీసుకెళ్లడం, వెనక బూరల బృందం, ముందు చెమటలు కక్కే గాయకుడు. డెట్రాయిట్‌లో మోటౌన్ దానికి నగిషీ పెట్టింది, మెంఫిస్‌లో స్టాక్స్ మట్టివాసన అద్దింది. విదర్స్ రెండింటికీ చెందడు. కుర్చీలో కూర్చుని, ఒళ్లో మామూలు గిటారుతో, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు పాడాడు. గొంతు చించుకోవడం లేదు, బతిమాలడం లేదు. దాన్ని కొందరు ఫోక్, అంటే జానపద బాణీ, అన్నారు. కానీ 'గ్రాండ్‌మాస్ హ్యాండ్స్' వింటే ఆ మాట సగమే నిజమని తేలుతుంది. సరిగ్గా రెండు నిమిషాల పాట. ఆదివారం చర్చిలో చప్పట్లు కొట్టిన అమ్మమ్మ చేతులు, పిల్లవాడు పడిపోతే లేవనెత్తిన చేతులు, దెబ్బ తగలకుండా అడ్డుపడిన చేతులు. మనిషి మొత్తాన్ని చేతుల్లోంచే చూపించాడు. అందులోని లయ చర్చి లయే, చప్పుడు మాత్రం తగ్గించాడు.

1972లో రెండో ఆల్బమ్ 'స్టిల్ బిల్' వచ్చింది. ఈసారి పెద్ద పేర్లు లేవు. లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ ప్రాంతపు బ్యాండులో కలిసి వాయించిన జేమ్స్ గాడ్సన్ (డ్రమ్స్), మెల్విన్ డన్‌లాప్ (బేస్), బెనోర్స్ బ్లాక్‌మన్ (గిటారు), రే జాక్సన్ (కీబోర్డు). నిర్మాతల పేర్లలో విదర్స్‌తో పాటు వీళ్ల పేర్లూ ఉన్నాయి. విదర్స్ గొప్ప పనంతా జరిగింది ఈ బృందంతోనే. 'యూజ్ మీ' వింటే ఎందుకో అర్థమవుతుంది. నన్ను వాడుకుంటోందని స్నేహితులు హెచ్చరిస్తుంటే, వాడుకోనీ అనే మనిషి పాట అది. క్లావినెట్ అనే కీబోర్డు మీద రే జాక్సన్ వాయించే ముక్క తీగను గిల్లినట్టు మళ్లీ మళ్లీ వస్తుంటుంది. గాడ్సన్ డ్రమ్స్ దాన్ని ముందుకు తోయవు, వెనక్కి లాగి పట్టుకుంటాయి. తప్పని తెలిసీ వదల్లేని మనిషి బలహీనతంతా ఆ లయలోనే ఉంది. ఈ పాట రెండో స్థానానికి వెళ్లింది.

'లీన్ ఆన్ మీ' మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. ఎవరైనా తొలిసారి కీబోర్డు ముందు కూర్చుంటే చేసేది తెల్లమెట్ల మీద వేళ్లను వరసగా పైకి నడిపి, మళ్లీ కిందికి దింపడం. ఈ పాట మొదలయ్యేది అచ్చంగా అలాగే. విదర్స్ కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ పియానో మీద వేళ్లు ఆడిస్తుంటే బాణీ తట్టింది. వాయించడం వచ్చినవాడికి ఇది పెద్ద పనే కాదు, కానీ అంతా వచ్చినవాడు దాన్ని అలాగే వదిలేయడానికి సిగ్గుపడతాడు. విదర్స్ వదిలేశాడు. మాటలు కూడా అంతే: ఈ రోజు నేను నీకు ఆసరా, రేపు నాకు నీ అవసరం పడొచ్చు. మధ్యలో చప్పట్లూ బేసూ మాత్రమే ఉన్న భాగం ఒకటి వస్తుంది, అక్కడ పాట ఒక్కసారిగా స్లాబ్ ఫోర్క్ చర్చికి వెళ్లిపోతుంది. లాస్ ఏంజిలిస్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు, బొగ్గుగనుల ఊళ్లో ఇరుగుపొరుగు ఒకరికొకరు సాయపడే తీరు గుర్తొచ్చి రాశానన్నాడు. గమనించాల్సింది ఒకటుంది. ఈ పాటలో త్యాగం లేదు, ఉపకారం లేదు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. ఆదర్శం వల్లించకుండా ఊళ్లో జరిగేదాన్ని చెప్పడం వల్లే, పెళ్లిలోనూ సంతాపసభలోనూ కూడా పాడుకోగలుగుతున్నారు.

1972 అక్టోబర్ 6న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఈ బృందం చేసిన కచేరీ మరుసటి ఏడాది ఆల్బమ్‌గా వచ్చింది. 'యూజ్ మీ' ఆపేస్తే జనం ఊరుకోక, బ్యాండు మళ్లీ అందుకుంటుంది. ఆ రాత్రి అసలు సంగతి మాత్రం 'ఐ కాంట్ రైట్ లెఫ్ట్-హ్యాండెడ్'. వియత్నాంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న ఒక కుర్రవాణ్ని కలిసిన ముచ్చటను విదర్స్ ముందు తీరిగ్గా చెబుతాడు. పాటలో ఆ కుర్రవాడు, నాకు ఎడమచేత్తో రాయడం రాదు, మా అమ్మకో ఉత్తరం రాసిపెడతారా అని ఎవరినో అడుగుతుంటాడు. ఉత్తరంలో ఉన్నది ఇంటి సంగతులే. లాయరుతో మాట్లాడి, తమ్ముడు యుద్ధానికి వెళ్లకుండా చూడమనడం అందులో ఒకటి. యుద్ధం తప్పని ఒక్క మాట ఉండదు. అమెరికాలో యుద్ధానికి వ్యతిరేకంగా అప్పుడు కొల్లలుగా పాటలు వచ్చాయి. వాటిలో చాలా భాగం ఆ కాలంతో పాటే పోయాయి. ఇది పోకపోవడానికి కారణం తొమ్మిదేళ్లు యూనిఫాం వేసుకున్న మనిషి రాయడం. అతను సైనికుణ్ని ఉదాహరణగా చూడలేదు, తెలిసినవాడిగా చూశాడు.

1974లో 'ప్లస్ జస్ట్‌మెంట్స్' వచ్చేనాటికి సస్సెక్స్ కంపెనీ చేతిలో డబ్బు లేదు, విదర్స్‌కు రావాల్సింది రావడం లేదు. గొడవ ముదిరింది. 1975లో కంపెనీయే మూతపడింది. విదర్స్ కొలంబియా రికార్డ్స్‌కు మారాడు. కాగితం మీద చూస్తే ఇది ఎదుగుదల: చిన్న కంపెనీ నుంచి దేశంలోనే అతిపెద్ద కంపెనీల్లో ఒకదానికి. కెరీర్ దారి తప్పింది అక్కడే.

పెద్ద రికార్డు కంపెనీల్లో ఏ అండ్ ఆర్ అనే విభాగం ఉంటుంది. ఏ గాయకుడు ఏ పాట పాడాలి, ఎవరు నిర్మించాలి, ఏది విడుదల చేయాలి అనేది తేల్చేది ఆ విభాగమే. నల్లజాతి సంగీతానికి వేరే డిపార్ట్‌మెంటు, నల్లజాతి శ్రోతలకు ఏం నచ్చుతుందో తమకే తెలుసనుకునే నిపుణులు. ఎల్విస్ ప్రెస్లీ పాడిన ఒక పాటను తిరిగి పాడమని అక్కడ తనకు సలహా ఇచ్చారని విదర్స్ చివరిదాకా కోపంగా చెప్పేవాడు. తన ఊరి మాటలతో పాటలు కట్టుకుని నిలబడినవాడికి పేదల బతుకు మీద ఎల్విస్ పాడిన పాట ఇవ్వబోయారు. ఆ కోపం న్యాయమైనదే.

అలాగని కొలంబియా రోజులన్నీ వృథా అనలేం. 1975 నాటి 'మేకింగ్ మ్యూజిక్'లో 'హలో లైక్ బిఫోర్' ఉంది. పాత ప్రేమికులు ఎదురుపడినప్పుడు మర్యాదగా పలకరించుకోవడంలోని ఇబ్బందిని అంత సున్నితంగా చెప్పిన పాటలు అరుదు. 1977 నాటి 'మెనాజరీ'లో 'లవ్‌లీ డే' ఉంది. స్కిప్ స్కార్‌బరోతో కలిసి రాసిన ఈ పాట చివర్లో విదర్స్ ఒకే స్వరాన్ని పద్దెనిమిది సెకన్లు పట్టి నిలుపుతాడు. గొప్ప గాయకులు ఇలాంటి చోట శక్తి చూపిస్తారు. విదర్స్ స్వరం వణకదు, పెరగదు, తీగలాగా తిన్నగా సాగుతుంది. కింద పల్లవి మారుతూ ఉంటే పైన అది ఒక్కటే కదలకుండా ఉంటుంది. 1978లో బ్రిటన్‌లో టాప్ టెన్‌కు వెళ్లిన ఈ పాట, పదేళ్ల తర్వాత కొత్త మిక్సింగుతో మళ్లీ అక్కడికే వెళ్లింది. ఇవి తప్పిస్తే మిగతా ఆల్బమ్‌లలో వాద్యాల మెరుపు పెరిగింది, పాటల్లో పట్టు తగ్గింది. కార్నెగీ హాల్ బృందం వెంట లేకపోవడం చెవికి తెలుస్తూనే ఉంటుంది.

1980 నుంచి 1984 దాకా అతని ఆల్బమ్ ఒక్కటీ రాలేదు. తను తెచ్చిన పాటల్ని కంపెనీ ఒప్పుకోలేదన్నాడు. అదే కాలంలో, 1981లో శాక్సఫోన్ విద్వాంసుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ఆల్బమ్‌లో పాడిన 'జస్ట్ ద టూ ఆఫ్ అస్' రెండో స్థానానికి చేరి, అతనికి ఇంకో గ్రామీ తెచ్చింది. ఆ రికార్డు వేసింది కొలంబియా కాదు, ఎలెక్ట్రా. అంటే గొంతులో లోపం లేదు, రాతలో లోపం లేదు, జనానికి మోజూ తీరలేదు. సొంత కంపెనీలోనే అతనికి తలుపు మూసి ఉంది. 1985లో 'వాచింగ్ యూ వాచింగ్ మీ' వచ్చింది, పెద్దగా ఆడలేదు. ఒప్పందం అక్కడితో అయిపోయింది. మళ్లీ ఇంకో కంపెనీతో సంతకం చేయలేదు.

సరే, ఆపేశాడు. ఆపేసి ఎలా బతికాడు? ఆ తరం సోల్ గాయకుల్లో ఎందరో అరవై దాటినా ఊరూరా తిరిగి పాడింది ఇష్టం కొద్దీ మాత్రమే కాదు. ఒక పాట మీద రెండు రకాల హక్కులుంటాయి. ఒకటి రికార్డింగు మీద, రెండోది పాట మీద, అంటే మాటలూ బాణీ మీద. రికార్డింగు సాధారణంగా కంపెనీ సొంతం. గాయకుడి వాటాలోంచి స్టూడియో ఖర్చూ అడ్వాన్సూ మినహాయించుకున్నాక మిగిలితేనే చేతికొస్తుంది. పైగా అమెరికాలో మామూలు రేడియోలో పాట వేసినందుకు పాడినవాడికి పైసా రాదు, రాసినవాడికే వస్తుంది. విదర్స్ తన హిట్ పాటలు దాదాపు అన్నీ తనే రాసుకున్నాడు, లేదా రాయడంలో పాలుపంచుకున్నాడు. ఎవరు తిరిగి పాడినా, ఏ సినిమాలో వాడినా, ఏ ప్రకటనలో వినిపించినా వాటా ఇంటికొచ్చేది. 1976లో పెళ్లాడిన భార్య మార్షా ఆ పబ్లిషింగ్ హక్కుల వ్యవహారమంతా చూసుకునేది. ఫ్యాక్టరీలో ఉండగా జీతం వదులుకోని ఆ ముందుచూపే ఇక్కడా పనిచేసింది.

పాటలు ఆగలేదు మరి. మైకేల్ జాక్సన్ 1972లోనే తన తొలి సోలో ఆల్బమ్‌లో 'ఎయింట్ నో సన్‌షైన్' పాడాడు. 1987లో క్లబ్ నూవో బృందం 'లీన్ ఆన్ మీ'ని డాన్సు పాటగా మార్చి మళ్లీ నంబర్ వన్ చేసింది, రాసినందుకు విదర్స్‌కు మూడో గ్రామీ వచ్చింది. 1996లో బ్లాక్‌స్ట్రీట్ బృందం పాట 'నో డిగ్గిటీ' నంబర్ వన్ అయినప్పుడు, అందులో వినిపించేది 'గ్రాండ్‌మాస్ హ్యాండ్స్' నుంచి తీసిన ముక్కే. హిప్‌హాప్ నిర్మాతలకు విదర్స్ పాటలు అంత ఇష్టం కావడానికి కారణం ఆ పాటల్లోని ఖాళీ. బూరలూ వయొలిన్లూ కిక్కిరిసిన రికార్డులోంచి ఒక ముక్క కోసి వాడుకోవడం కష్టం. ఇక్కడ గొంతూ, గిటారూ, డ్రమ్సూ విడివిడిగా కనపడతాయి.

అతను మాయమైపోయాడనీ, మనుషుల్ని తప్పించుకు తిరిగాడనీ రాసినవాళ్లున్నారు. అది నిజం కాదు. లాస్ ఏంజిలిస్‌లోనే ఉన్నాడు, ఇద్దరు పిల్లల్ని పెంచాడు, ఇంటి పనులు చేసుకున్నాడు, అడిగినవాళ్లకు ఇంటర్వ్యూలిచ్చాడు. 2009లో 'స్టిల్ బిల్' పేరుతోనే వచ్చిన డాక్యుమెంటరీలో సావకాశంగా మాట్లాడాడు. 2015లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి స్టీవీ వండర్ చేతుల మీదుగా వెళ్లాడు. పాడకపోవడాన్ని విషాదంగా చూడటం మనకు అలవాటు. రిటైరైన మెకానిక్‌ని ఎందుకు మానేశావని ఎవరూ అడగరు, గాయకుణ్ని మాత్రం చచ్చేదాకా పాడమంటాం. విదర్స్ ఆ కోరికకు లొంగలేదు.

2020 మార్చి 30న, ఎనభై ఒక్కేళ్ల వయసులో, గుండెజబ్బుతో పోయాడు. కరోనా మొదటి వారాలవి. ఆస్పత్రి సిబ్బందికి ధైర్యం చెప్పడానికి అప్పటికే చాలామంది 'లీన్ ఆన్ మీ' పాడుకుంటున్నారు.

స్టూడియో ఆల్బమ్‌లు మొత్తం ఎనిమిదే. కొత్తగా వినేవాళ్లు హిట్ పాటల సంకలనంతో మొదలుపెడతారు, దాంతో అసలు మనిషి చేజారిపోతాడు. కార్నెగీ హాల్ కచేరీతో మొదలుపెట్టడం మేలు. పాటకూ పాటకూ మధ్య అతను చెప్పే మాటలు కూడా పాటల్లో భాగమే. తర్వాత 'స్టిల్ బిల్', ఆ తర్వాత మొదటి ఆల్బమ్. అవి నచ్చితే, కంపెనీ గొడవల్లో ఎవరికీ పట్టకుండా పోయిన 'ప్లస్ జస్ట్‌మెంట్స్' వినాలి. 'రైల్‌రోడ్ మ్యాన్' అందులోనే ఉంది. 'ద సేమ్ లవ్ దట్ మేడ్ మీ లాఫ్' కూడా అందులోదే. అతని హిట్ పాటలంత పేరు దానికి రాకపోవడం మాత్రం అన్యాయం.